కరకరలాడు కొరియా కోడి

ఆత్రేయపురమున పూతరేకులు తీయు స్త్రీలకు పలుచదనమును గూర్చి ఒకరు చెప్పవలసినది లేదు. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యపుపిండిని జారుగా కలిపి, అందు ముంచిన గుడ్డను బోర్లించిన కుండ వీపుపై ఒక్కమారు లాగినంతనే, లోపల మండు కొబ్బరాకుల సెగకు నీరంతయు ఆవిరియై తెల్లని రేకు లేచివచ్చును. 2023లో భౌగోళిక గుర్తింపు నందిన ఆ రేకును ఎరిగినవారికి కొరియా దేశీయుల కోడివేపుడు దుర్గ్రాహ్యము కానేరదు; రెండింటను ప్రధానకార్యము పిండిలోని నీటిని వెడలగొట్టుటయే.

మన ఇండ్లలో కోడివేపుడనగా అల్లము, వెల్లుల్లి, కరివేపాకులతో మూకుటిలో మగ్గనిచ్చి, మసాలా ముక్కను పట్టువరకు కలియబెట్టునది. కొరియావారు ముక్కకు బంగాళాదుంపల నుండి తీసిన పిండిని పలుచగా పట్టించి, మునుగు నూనెలో రెండుమార్లు వేతురు. మొదట సుమారు 160 డిగ్రీల వేడిలో మాంసము ఉడుకును. వెలికిదీసి కొంతసేపు ఆరనిచ్చినపుడు లోపలి తేమ పైపొరకు చేరును. పిమ్మట 180 డిగ్రీల నూనెలో మరల వేయగా, ఆ తేమ బుసబుసమను బుడగలై వెడలిపోవును. బుడగలు సన్నగిల్లి మూకుడు సద్దుమణుగుటయే దించుటకు గుర్తు. అట్లు వేగిన పొర, పైన కారపు పాకము పూసినను, వెంటనే మెత్తబడదు.

ఈ వంటకము ఆ దేశమున మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1960 ప్రాంతమున సియోల్ నగరమున విద్యుత్ పొయ్యిపై కాల్చిన కోడియే అపురూపము. 1970 తరువాత వంటనూనె దేశమందే విరివిగా తయారగుటతో వేపుడు అంగళ్లు వెలసినవి. డేగు నగరమున యూన్ జోంగ్‌గే అను వర్తకుడు, చల్లారిన ముక్కల గట్టి పొర తినువారి అంగిటిని గీరుచుండుట చూచి, మిరపపొడితో ఎర్రని పాకము చేయ యత్నించి, రుచి కుదరక చింతించుచుండగా, ఇరుగుపొరుగున నున్న ఒక వృద్ధురాలు ధాన్యపు తీపిపాకమును కలుపుమని చెప్పెనట. ఆ అజ్ఞాత వృద్ధురాలికి ప్రపంచమంతయు ఋణపడియున్నదని నా విశ్వాసము. 1997 నాటి ఆర్థిక సంక్షోభమున ఉద్యోగములు కోల్పోయినవారనేకులు ఈ అంగళ్లతోనే కుటుంబములను నిలుపుకొనిరి.

అయినను ఈ కోడికి తగిన స్థానము అచటి పాతకాలపు హోఫ్ అనబడు బీరుశాల. మసక దీపములు, కర్రబల్లలు, ఎత్తైన వీపుగల మెత్తని ఆసనములు, పనిదీరి వచ్చిన నలుగురు మిత్రులు, నడుమ ఒకే పళ్లెము. ప్రక్కన వెనిగరులో, పంచదారలో ఊరిన తెల్లని ముల్లంగి ముక్కలు. నూనె జిడ్డు తోచినప్పుడెల్ల ఆ చల్లని పులుపు నాలుకను తేటపరచును. అట్టెపెట్టెలో మూసి ఇంటికి పంపిన కోడి తన ఆవిరిలో తానే నానిపోవును గనుక, వేగినచోటనే కూర్చుండి తాపీగా తినుట మేలని నేను నొక్కి చెప్పుదును.

మన రాష్ట్రమున పెనుకొండ చెంత కియా సంస్థ 2019లో కారుల ఉత్పత్తి నారంభించిన పిదప, ఆ ప్రాంతమునకు కొరియా ఉద్యోగులతోపాటు వారి భోజనశాలలును వచ్చినవి. అంతదూరము పోలేని కోనసీమవాసులు ఇంటనే యత్నింపవచ్చును. బంగాళాదుంప పిండి దొరకనిచో బియ్యపుపిండియు చక్కగా కరకరలాడును. వేగిన ముక్కలను మాత్రము గిన్నెలో గుట్టగా పోయక, గాలి తగులునట్లు జల్లెడపై విడివిడిగా పరచవలెను.