రుణం పేరు కాదు, గడువే ప్రమాణం: వ్యవసాయ ఆస్తి అప్పుల పట్టీలో రుణాల వర్గీకరణ

వ్యవసాయ క్షేత్రానికి మొత్తం అప్పు ఎంత ఉందో తెలిసినంత మాత్రాన దాని ఆర్థిక స్థితి అర్థం కాదు. అందులో రానున్న 12 నెలల్లో తీర్చవలసినది ఎంతో వేరుగా తెలియాలి. ఆస్తి అప్పుల పట్టీ తయారైన తేదీ నుండి 12 నెలల లోపు చెల్లించవలసినవి ప్రస్తుత అప్పులు. ఆ తరువాత చెల్లించవలసినవి ప్రస్తుతేతర అప్పులు.

పంట రుణం సాధారణంగా మొదటి వర్గానికి చెందుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డు అనేక సంవత్సరాలు చెల్లుబాటులో ఉన్నప్పటికీ, దానిపై తీసుకున్న పంట రుణాన్ని కోత, విక్రయ కాలాలను అనుసరించి తీర్చవలసిందే. కార్డు కాలపరిమితిని రుణ గడువుగా భావించరాదు.

ట్రాక్టరు, బిందుసేద్యం వంటి టర్మ్ రుణాల విషయంలో అసలును రెండుగా విడదీయాలి. ఏడాదిలోపు కట్టవలసిన అసలు వాయిదాలు ప్రస్తుత అప్పు; మిగిలినది ప్రస్తుతేతర అప్పు. పట్టీ తేదీ నాటికి పేరుకొని, ఏడాదిలోపు చెల్లించవలసిన వడ్డీ కూడా ప్రస్తుత అప్పే. ఆ తేదీ తరువాత కాలానికి పడబోయే వడ్డీ ఇంకా అప్పు కాదు.

ఉదాహరణకు, ఒక రైతుకు మార్చి 31 నాటికి పంట రుణం వడ్డీతో కలిపి రూ.1,60,000, ట్రాక్టరు రుణం అసలు రూ.6,00,000 ఉన్నాయనుకుందాం. ట్రాక్టరు రుణంలో ఏడాదిలోపు కట్టవలసిన అసలు రూ.1,20,000. చేతిలోని నగదు, నిల్వ ధాన్యం వంటి ప్రస్తుత ఆస్తుల విలువ రూ.2,24,000. ట్రాక్టరు రుణమంతా ప్రస్తుతేతరంగా చూపితే ప్రస్తుత నిష్పత్తి 1.4గా కనిపిస్తుంది. సరిగా విడదీస్తే ప్రస్తుత అప్పులు రూ.2,80,000కు చేరి, నిష్పత్తి 0.8కి తగ్గుతుంది. రెండు పట్టీలలోనూ మొత్తం అప్పు రూ.7,60,000 మాత్రమే. అయితే మొదటి పట్టీని నమ్మిన రైతు, వాయిదా సమయానికి ధాన్యాన్ని తక్కువ ధరకు తెగనమ్ముకోవడమో, అధిక వడ్డీకి కొత్త అప్పు చేయడమో తప్పదు.

ఆయిల్‌పామ్ వంటి తోటలకు తీసుకున్న రుణాలలో తొలి సంవత్సరాలలో అసలు చెల్లింపుపై విరామం ఉంటే, ఆ కాలంలో అసలు ప్రస్తుతేతరంగానే ఉంటుంది. విరామం ముగింపు దగ్గరపడి, తొలి వాయిదా 12 నెలల పరిధిలోకి రాగానే ఆ మేరకు ప్రస్తుత అప్పులలోకి మార్చాలి. కరవు, తుపానుల వేళ బ్యాంకు పంట రుణాన్ని టర్మ్ రుణంగా మార్చినప్పుడు కొత్త వాయిదాల ప్రకారం వర్గీకరించాలి. మార్పు మంజూరు కాకమునుపే, వస్తుందన్న ఆశతో వర్గం మార్చరాదు.

కంపెనీలుగా నమోదైన రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు ఈ విభజన ఐచ్ఛికం కాదు. కంపెనీల చట్టం, 2013లోని మూడవ షెడ్యూలు దీనిని నిర్దేశిస్తున్నది. వ్యక్తిగత రైతుకు అట్టి నిర్బంధం లేకపోయినా అవసరం మాత్రం అంతే ఉన్నది. కావున విస్తరణ శాస్త్రవేత్తలు క్షేత్ర ప్రణాళికను రూపొందించేటప్పుడు రుణ వాయిదాల పట్టికను పంటల కోత నెలలతో సరిపోల్చి, ఏ వాయిదాకు ఏ రాబడి అందుబాటులో ఉండగలదో రైతుకు ముందుగానే వివరించాలి.