కొలనుపాకలో "మా" యను మాట

ఆలేరు రైలుస్టేషనున దిగి కొంతదూరము పోయినచో కొలనుపాక చేరుదుము. ఉత్తరదేశమునుండి వచ్చు జైన యాత్రికులకు ఇది కుల్పాకజీ. ఋషభదేవుడు మాణిక్యదేవుడను పేర నిచ్చట పూజ లందుచున్నాడు. వీరశైవులకు ఇది సోమేశ్వర లింగమునుండి రేణుకాచార్యు లుద్భవించిన క్షేత్రము. చరిత్ర చదివినవారికి కల్యాణి చాళుక్యులనాటి గొప్ప పట్టణము. ఇందరు తమదనుకొను ఊరిని కొత్తవారికి చూపు గైడు ఎవరివాడు?

ఈ వృత్తిలోనివారు తాము జైనులు కాకున్నను "మా మహావీరుడు" అనియే యందురు. సోదరీమణులకు దీనిని విడమరచి చెప్ప నక్కరలేదు. పుట్టినింట ఇరువదేండ్లు పెరిగినదియే యైనను, అత్తవారింట కొన్నాళ్లు మసలిన పిమ్మట కోడలు "మా యింట పచ్చిపులుసు ఇట్లు చేయరు" అని తన తల్లితోనే వాదమునకు దిగును! ఎవరును నేర్పకయే ఆ "మా" నోట వచ్చినది. గైడు సంగతియు నంతియే. సుమారు 130 సెంటీమీటర్ల యెత్తున పచ్చరాతితో మలచిన ఆ మహావీరుని యెదుట చెప్పులు, తోలు వస్తువులు విడువుడని దినమునకు పదిమారులు చెప్పి చెప్పి, తుద కెవరును లేనప్పుడును దాను మెల్లగా నడచుట నేర్చుకొనును.

అయినను ఇందొక చిక్కు కలదు. యాత్రికుడు మహిమ నడుగును, పండితుడు సంవత్సర మడుగును, పిల్లవాడు కథ నడుగును. జైనాలయము రెండువేల యేండ్లనాటి దందురు. సోమేశ్వరాలయపు ఆవరణలోని ప్రదర్శనశాలలో శాసనములు, శిల్పములు కన్నుల యెదుటనే యున్నవి. విన్నదానికి "అందురు" అనియు, రాతిపై నున్నదానికి "ఉన్నది" అనియు వేరుచేసి పలుకువాడు మా దృష్టిలో ఉత్తముడు. మెప్పుకొఱకు "అందురు" విడిచినవాడు కొన్నేండ్లకు తన కథను దానే నమ్మును.

స్త్రీ ఈ పనికి పూనుకొన్నచో మఱియొకటి తోడగును. గొంతు తగ్గించుకొమ్మని ఇంట వినుచు పెరిగిన పిల్ల ఇరువదిమంది పరాయివారికి వినబడునట్లు మాటాడవలెను. గుడి సంగతికి ముందు "నీ వెవరి పిల్లవు?" అని యడుగువారికిని బదులు చెప్పవలెను. ఆ గొంతు సాయంత్రము ఇంటికి వచ్చిన పిదప మరల తగ్గునా? తగ్గకున్న తప్పేమని మే మడుగుదుము.

ఇదే యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లి సంగతి దీనికి విలోమము. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా నెన్నుకొన్నది. అచ్చట పరుల దానిని తమదనుట కాదు. తమ యిల్లే పరులకు చూడదగిన వస్తువైనది. నూలును ముళ్లు కట్టి రంగున ముంచు విధమును ఇల్లాలు వచ్చినవారి కెల్ల వివరించును. ఆ సేపు పని నిలిచియుండును. దానికి కూలి యిచ్చువారు లేరు. అచ్చటికి పోవు సోదరీమణులు చీర బేరమాడునప్పుడు దీనిని తలచుకొందురు గాక.