గల్ఫ్‌కు పోయే ముందు ఈ 275 రూపాయల సంగతి తెలుసుకోండి

మెదక్ టౌన్ నుంచి మాట్లాడుతున్నా. మన దిక్కు దుబాయ్, సౌదీ పోయినోళ్లు చాలామందే ఉన్నారు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు మీ పాస్‌పోర్ట్ చూడండి. పదో తరగతి పాస్ కానోళ్లకు దాని మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్లు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్‌లో ప్రభుత్వ క్లియరెన్స్ తీసుకోవాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటోళ్లకు 10 లక్షలు వస్తాయి. అక్కడ కంపెనీ మారినా బీమా పోదు.

మరి ఏజెంట్ "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్చుకోవచ్చు" అంటే? క్లియరెన్స్ ఉండదు, బీమా కూడా ఉండదు. రిజిస్టర్డ్ ఏజెంటేనా అన్నది ఈ-మైగ్రేట్ సైట్‌లోనే చూడొచ్చు. అతని ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ. అంతకు మించి తీసుకోవద్దు.

ఇంకోటి. 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. దరఖాస్తు జిల్లా కలెక్టర్‌కు పెట్టాలి. డెత్ సర్టిఫికెట్, రద్దు చేసిన పాస్‌పోర్ట్ అడుగుతారు.

అందుకే పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్ట్, బీమా కాగితం ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు వాట్సాప్ చేసి పోండి. కష్టం వచ్చినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్లే కదా!

గల్ఫ్‌కు తయారైన దోస్త్ ఉంటే ఇది పంపండి.