మైలోమా చికిత్సలో రెండు మందులు: ఇంజక్షనా, క్యాప్సూలా?

వైద్య సహాయం కోరుతూ మన సొసైటీకి వచ్చే అర్జీల్లో 'మల్టిపుల్ మైలోమా' అనే జబ్బు పేరు కూడా ఉంటోంది. రోగి బంధువులు మమ్మల్ని అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "డాక్టరుగారు ఇంజక్షనూ రాశారు, క్యాప్సూలూ రాశారు. రెండూ కొనాలా? ఒకటి సరిపోదా?" మందులు నిర్ణయించే పని డాక్టర్లది, మాది కాదు. అయితే ఈ రెండు మందుల తేడా తెలియక కొందరు మధ్యలో ఒకటి మానేస్తున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

జబ్బు ఏమిటి?

ఎముకల లోపలి మూలుగలో ప్లాస్మా కణాలు ఉంటాయి. రోగాలతో పోరాడే యాంటీబాడీలను తయారు చేయడం వాటి పని. ఆ కణాలు అదుపు తప్పి పెరిగితే అది మైలోమా. దానివల్ల ఎముకలు బలహీనపడతాయి, రక్తం తగ్గుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తంలో కాల్షియం పెరుగుతుంది. పెద్ద వయసులో నడుము నొప్పి, నీరసం వస్తే వయసు మీద పడిందనుకుని నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తాం. ఎక్కువ కాలం డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వాడితే అసలే దెబ్బతింటున్న మూత్రపిండాలు మరింత పాడవుతాయి. తగ్గని నడుము నొప్పికి రక్తహీనత తోడైతే పరీక్ష చేయించాలి.

మొదటి మందు: బోర్టెజోమిబ్

ఇది ఇంజక్షన్. అమెరికాలో 2003లో అనుమతి పొందింది. ప్రతి కణంలోనూ పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసి పారవేసే ఏర్పాటు ఉంటుంది. మైలోమా కణం ప్రోటీన్లను విపరీతంగా తయారు చేస్తుంది కనుక దాని చెత్త కూడా ఎక్కువే. ఈ మందు ఆ పారవేత దారిని మూసేస్తుంది. కణం తన చెత్తలో తానే ఊపిరాడక చస్తుంది.

సాధారణంగా దీన్ని పొట్ట మీదో తొడ మీదో చర్మం కింద ఇస్తారు. వారానికి ఒకటి లేదా రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లాలి. అవనిగడ్డ నుంచో మచిలీపట్నం నుంచో విజయవాడ రావాలంటే ప్రయాణ ఖర్చు, వెంట వచ్చేవారి కూలి నష్టం కూడా లెక్కలో చేరతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికీ మోతాదు తగ్గించకుండా ఇవ్వగలగడం దీని పెద్ద మేలు.

ముఖ్యమైన ఇబ్బంది నరాల మీద. అరికాళ్ల మంట, తిమ్మిరి, వజూ చేసేటప్పుడు నీటి వేడి తెలియకపోవడం వంటివి మొదలైతే వెంటనే చెప్పాలి. మోతాదు తగ్గిస్తే చాలామందికి నయమవుతుంది. దాచుకుంటే అలాగే ఉండిపోవచ్చు. సర్పి వచ్చే ప్రమాదం ఉంది కనుక ఎసైక్లోవిర్ బిళ్ల కూడా రాస్తారు. దాన్ని అదనపు ఖర్చని మానకూడదు. గ్రీన్ టీ ఈ మందు పనికి అడ్డు పడవచ్చు కాబట్టి దాన్ని మానుకోవాలి.

రెండో మందు: లెనాలిడోమైడ్

ఇది క్యాప్సూల్. మైలోమాకు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. మైలోమా కణం బతకడానికి అవసరమైన రెండు ప్రోటీన్లను ఆ కణమే నాశనం చేసుకునేలా చేస్తుంది. రోగనిరోధక కణాలనూ ఉసిగొల్పుతుంది. సాధారణంగా 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. ఇంట్లోనే వేసుకోవచ్చు.

ఇంట్లో వేసుకునే మందు కదా అని తేలిగ్గా తీసుకోరాదు. ఇది మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. అవి బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు, అందుకే ఆస్పిరిన్ వంటివి ఇస్తారు. ఒక పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇది థాలిడోమైడ్ కుటుంబపు మందు. 1950ల చివర్లో గర్భిణులు థాలిడోమైడ్ వాడినందువల్ల ప్రపంచవ్యాప్తంగా 10 వేలకు పైగా శిశువులు అవయవ లోపాలతో పుట్టారు. కనుక గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలు ఈ క్యాప్సూల్‌ను విప్పకూడదు, అందులోని పొడిని తాకకూడదు. మందు వాడే పురుషులు కూడా డాక్టరు చెప్పిన జాగ్రత్తలు పాటించాలి. వాడుతున్నంత కాలం, ఆపిన తర్వాత 4 వారాల వరకు రక్తదానం చేయరాదు.

ఏది మంచిది?

ఇది పోటీ కాదు, జోడీ. కొత్తగా జబ్బు బయటపడినవారిపై అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. లెనాలిడోమైడ్, డెక్సామెథసోన్ మాత్రమే వాడినవారిలో జబ్బు అదుపులో ఉన్న మధ్యస్థ కాలం 30 నెలలు. వాటికి బోర్టెజోమిబ్ కలిపినప్పుడు 43 నెలలు. జీవితకాలం 64 నుంచి 75 నెలలకు పెరిగింది. ఈ జబ్బును పూర్తిగా తీసేయడం కష్టమే కానీ ఏళ్ల తరబడి అణచి ఉంచవచ్చని ఈ అంకెలు చెబుతున్నాయి. మూత్రపిండాలు చెడినవారికి బోర్టెజోమిబ్ ముందుకు రావచ్చు. నరాల బాధ ఉన్నవారికి లెనాలిడోమైడ్ వైపు మొగ్గవచ్చు. వీటితోపాటు ఇచ్చే డెక్సామెథసోన్ షుగరు పెంచుతుంది, మధుమేహులు గమనించాలి.

ఖర్చు, రంజాన్

ఈ రెండు మందులూ 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. కనుక వీటి ధరకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి విధిస్తుంది. హైదరాబాద్‌లోని నాట్కో, డాక్టర్ రెడ్డీస్ కంపెనీలు లెనాలిడోమైడ్‌ను తయారు చేసి 2022 నుంచి అమెరికాలో కూడా అమ్ముతున్నాయి. జనరిక్ అంటే నాసిరకం కాదు. డాక్టరు అనుమతితో తక్కువ ధర బ్రాండు అడగండి. మందు కొనడానికి అప్పు చేసే ముందు, ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమి వర్తిస్తుందో తెలుసుకోండి.

మైలోమా రోగి మూత్రపిండాలకు నీరు చాలా అవసరం. ఉపవాసం ఉండాలనే పట్టుదలతో నీళ్లు, మందులు మానడం ప్రమాదం. రోగికి ధర్మం మినహాయింపు ఇచ్చింది. దీర్ఘరోగికి ఫిద్యా మార్గం ఉంది. డాక్టరును, ఆలిమ్‌ను ఇద్దరినీ సంప్రదించి నిర్ణయించుకోండి.

జకాత్, సదఖా ఇచ్చే సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఈ చికిత్స ఒక్క చీటీతో అయిపోయేది కాదు, నెలనెలా సాగేది. ఒకసారి పెద్ద మొత్తం ఇవ్వడం మేలే. ఒక రోగి నెల మందు ఆగకుండా చూసే బాధ్యత నలుగురు కలిసి తీసుకుంటే ఇంకా మేలు.