పులిజూదమున మొదటి ఎత్తులు

కృష్ణా మండలపు పల్లెలలో రచ్చబండమీదనో, గుడిమండపములోనో పులిజూదము ఆడినవారు పెక్కుమంది కలరు. శివరాత్రి జాగరణను ఈ యాటతోనే తెల్లవార్చినవారును మీలో నుందురు. కావున ఆట యెట్లు ఆడవలెనో మీకు నేర్పుటకు నేను పూనుకొనుటలేదు. మేకలన్నియు పటముపైకి దిగులోపల జరుగు వ్యవహారమును గూర్చి మాత్రమే ఈ ప్రసంగమున మనవి చేసెదను. నేను చూచినంతవరకు మేకలవాడు మొదటి ఐదారు మేకలను తోచినచోట దింపును. రెండు మూడు మేకలు పోయిన పిదప తలగోకికొని ఆలోచన మొదలుపెట్టును. అప్పటికి పులులకు దారులు తెరచుకొనియే యుండును. ఆలోచన మొదటి మేకతోనే మొదలు కావలెను. ఏల కావలెనో లెక్కవేసి చూపుటయే నా పని.

రేడియోలో పటము చూపుటకు వీలులేదు గదా. అందుచేత ఒక సుద్దముక్క తీసికొని నాతోపాటు గీచికొనుడు. పైన నొక చుక్క పెట్టుడు, దానిని శిఖరమందము. శిఖరమునుండి క్రిందికి విచ్చుకొనునట్లు నాలుగు గీతలు గీయుడు. వాని కొనలను కలుపుచు అడుగున నొక అడ్డగీత గీయుడు. శిఖరమునకును ఈ అడుగుగీతకును నడుమ మూడు అడ్డగీతలు గీయుడు. ఈ మూడును నాలుగు గీతలను దాటి ఇరుప్రక్కలకును కొంచెము బయటికి పోవలెను. బయటికి వచ్చిన కొనలను ఎడమవైపున నొక నిలువుగీతతోను, కుడివైపున నొక నిలువుగీతతోను కలుపుడు. ఇప్పుడు చుక్కలు లెక్కింపుడు. శిఖరము 1, మూడు అడ్డగీతలపై ఒక్కొక్కదానికి 6 చొప్పున 18, అడుగున 4. మొత్తము 23 చుక్కలు.

పులులు 3, మేకలు 15. పులులను మొదట నుంచు చోటులు ఊరినిబట్టి మారుచుండును. శిఖరమున నొకటియు, దానిక్రింది అడ్డగీత నడిమి చుక్కలలో రెండును ఉంచుట ఒక పద్ధతి. మేకలవాడొక మేకను దింపును. పులులవాడొక పులిని కదుపును. 15 మేకలును దిగువరకు మేక కదలరాదు. పులి తన ప్రక్కనున్న మేకమీదుగా, అదే గీతవెంట తిన్నగా దూకి, ఆవలి చుక్క ఖాళీగా నున్నచో ఆ మేకను తినును. ఎటును కదలలేక పులులు మూడును కట్టుబడినచో మేకలకు గెలుపు. ఈ నియమములలో చిన్నచిన్న భేదములున్నను నేను చెప్పబోవు లెక్క చెడదు.

పులి మేకను తినవలెనన్న మేకకు ఈవల నొక చుక్కయు, ఆవల నొక చుక్కయు ఒకే గీతపై నుండవలెను గదా. అట్లు లేని చుక్కలు ఈ పటములో ఎన్ని? గీచిన పటమును చూడుడు. ఎడమ నిలువుగీత పైకొన, క్రిందికొన, కుడి నిలువుగీత పైకొన, క్రిందికొన, అడుగుగీత రెండు చివరలు, శిఖరము. ఈ 7 చుక్కలలో గీత తిన్నగా సాగదు. మలుపు తిరుగును, లేదా అచ్చట ముగియును. అచ్చట నిలిచిన మేకను మూడు పులులు కలిసి వచ్చినను తినలేవు. శిఖరమున పులి కూర్చుండియున్నచో తక్కిన 6 చోటులైనను మేకలవాని చేతిలో నుండును. మొదటి మేకను నట్టనడుమ దింపి పులికి ఫలహారము పెట్టుటకంటె ఈ మూలలలో నొకదానిలో దింపుట మేలని వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే మూలలు ఆరే, మేకలు పదునైదు. తక్కినవానిగతి యేమి? ఎడమ నిలువుగీత నడిమి చుక్కను చూడుడు. అచ్చటి మేకను తినుటకు పులి పైమూలనుండి క్రిందిమూలకో, క్రిందిమూలనుండి పైమూలకో దూకవలెను. ఈ రెంటిలో ఒక మూలలో మన మేక ముందే యున్నచో పులి అచ్చటినుండి దూకను లేదు, అచ్చటికి దూకను లేదు. కావున మూలలోని మేక తాను బ్రదుకుటయే కాక ప్రక్కనున్న మేకనుగూడ బ్రదికించును. కుడివైపును అంతే. అడుగుగీతపైనను అంతే: చివరనున్న మేక తన ప్రక్కదానిని కాచును. ఈ విధముగ ఆరు మూలలును, వానిని ఆనుకొనిన నాలుగు నడిమి చుక్కలును కలిసి 10 మేకలకు భయములేని తావులగుచున్నవి.

తరువాత మూడవ అడ్డగీతలోని నడిమి నాలుగు చుక్కలకు రండు. ఎడమనుండి మొదటి దానిని తీసికొనుడు. అడ్డముగా దూకవలెనన్న నిలువుగీత క్రిందిమూలలో మన మేకయున్నది. నిలువుగా దూకవలెనన్న అడుగుగీత చివర మన మేకయున్నది. రెండు దారులును మూసినట్లేగదా! దానిప్రక్క చుక్కకు ఇది కాపు. ఆ పైదానికి అది కాపు. ఇట్లు 14 మేకలు దిగినవి. పదునైదవదానిని రెండవ అడ్డగీతపై, ఎడమ నిలువుగీత ప్రక్కనున్న చుక్కలో దింపినచో దానికి ఎడమవైపున నొక మేక, క్రిందివైపున నొక మేక అండగా నుండును. అనగా వరుస తప్పక దింపినచో 15 మేకలలో ఒక్కటియు పోకుండ పటముపైకి వచ్చుటకు దారి యున్నది. వరిచేనికి ముందు గట్టు వేసి, పిమ్మట నీరు పెట్టినట్లు, ముందు అంచులు, పిమ్మట వాని నానుకొనినవి, ఆపైని లోపలివి. ఈ వరుసయే ఆట ఆరంభమునకు ప్రాణము.

పులులవాడు ఊరకుండునా యని మీరు అడుగుదురు. ఉండడు. తెలిసిన పులులవాడు మన వరుస మధ్యలో వచ్చి కూర్చుండును. అడుగుగీత ఎడమచివర పులి వచ్చి కూర్చుండెననుకొందము. అప్పుడు దాని ప్రక్కచుక్కలో మేకను దింపరాదు. దాని మీదుగా దూకి ఆవలి చుక్కలో దిగును. ముందు ఆ దిగవలసిన చుక్కను మూసి, తరువాత దగ్గరి చుక్కను మూయవలెను. దూరపుది ముందు, దగ్గరది వెనుక. ఈ క్రమము తలక్రిందులైనచో మేక పోవును.

పులులవాడును ఒక లెక్క నేర్చుకొనవలసియున్నది. మూలలో కూర్చున్న పులికి రెండే దారులు. దానిని కట్టివేయుటకు నాలుగు మేకలు చాలును: ప్రక్కల రెండు, వాని ఆవల రెండు. రెండవ అడ్డగీత నట్టనడుమ చుక్కలో కూర్చున్న పులికి నాలుగు దారులు. దానిని మేకలతోనే కట్టవలెనన్న ఎనిమిది కావలెను. మేకకు క్షేమమైన మూలయే పులికి చెర యగుచున్నది. కావున మూలను చూచి మంచిదనిగాని, చెడ్డదనిగాని చెప్పుటకు వీలులేదు. ఎవరికి అని అడుగవలెను.

దాడి ఆటను చూచినచో ఈ మాట ఇంకను తేటపడును. ఒకదానిలో నొకటిగ మూడు చదరములు, ప్రక్కల నడుమలను కలుపు నాలుగు గీతలు, 24 చుక్కలు, చెరి 9 కాయలు. మూడు కాయలు వరుస కూడినచో దాడి. ఎదుటివాని కాయ నొకదానిని తీయవచ్చును. మూలలకు అడ్డగీతలు లేని పటములో 12 మూలలకు రెండేసి దారులు. వెలుపలి, లోపలి చదరముల ప్రక్కల నడుమనున్న 8 చుక్కలకు మూడేసి. నడిమి చదరపు ప్రక్కల నడుమనున్న 4 చుక్కలకు నాలుగేసి. క్రొత్తవాడు మొదటి కాయను మూలలో పెట్టును. అనుభవశాలి ఆ నాలుగు చుక్కలలో నొకదానిని పట్టుకొనును. కాయలన్నియు దిగి కదలిక మొదలైనప్పుడు మూలల్లోనివి ఇరుకునపడును, కూడళ్ళలోనివి తిరుగుచుండును. పులిజూదమున మేకకు మూల మంచిది. దాడిలో కాయకు కూడలి మంచిది. రెండింటను చేయవలసిన పని యొక్కటే: చుక్కకు దారులెన్నియో ముందు లెక్కించుట.

పడమటి దేశములలో మన పులివలెనే దూకి తిను ఆట యొకటి కలదు. ఇంగ్లండులో దానిని డ్రాఫ్ట్సు అనియు, అమెరికాలో చెకర్సు అనియు అందురు. 64 గళ్ళ పలకపై నల్లని 32 గళ్ళలో చెరి 12 కాయలతో ఆడుదురు. అందులోను అంచుననున్న కాయను తినుటకు వీలులేదు. అయినను కాయలన్నిటిని అంచులకు తోలినవాడు నడిమి గళ్ళను ఎదుటివానికి అప్పగించినవాడగును. మొదటి ఎత్తుకు 7 విధములు మాత్రమే కలవు, బదులుకును ఏడే, కలిసి 49. ఆ యేడింటిలో నడుమకు సాగు ఎత్తు నొకదానిని ఆ యాటగాండ్రు తరతరములుగ నమ్మికొని యున్నారు. ఎత్తులకు పేర్లుగూడ పెట్టిరి. వానిలో రెండు ఎత్తులకు ఎడింబరో అనియు, డండీ అనియు స్కాట్లండు పట్టణముల పేర్లు.

ఈ పేర్లు నిలుచుటకు కారణము వ్రాతయే. 1756లో విలియం పేన్ అను గణితోపాధ్యాయుడు లండనులో ఈ యాటపై గ్రంథము ప్రకటించెను. అటుపిమ్మట ఆరంభములు గ్రంథములకెక్కుచునే వచ్చినవి. నేర్చినవారిద్దరు తలపడినచో వెనుకటి యాటలే మరల మరల నడచి సరిసమానముగ ముగియుచుండుటచేత, మొదటి ఎత్తులను చీటీ తీసి నిర్ణయించు పద్ధతి పెద్ద పోటీలలో ఏర్పడెను. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమున జోనతన్ షెఫర్ అను పండితుడు 1989లో కంప్యూటరుతో ఈ యాటను శోధింపనారంభించి, 2007లో తేల్చినదేమనగా, ఇరువురును తప్పులేక ఆడినచో గెలుపోటములు లేవు. దాడి ఆటకును 1993లో రాల్ఫ్ గాసర్ అను నాతడు జూరిచ్‌లో ఇట్టి ఫలితమునే కనుగొనెను. కాబట్టి మంచి ఆరంభము గెలుపును చేతికీయదు. ఎదుటివాడు తప్పుచేయువరకు మనలను నిలిపి యుంచును. మేకలవానికి ఇంతకంటె కావలసినదేమి?

వ్రాసియుంచిన ఆరంభములు ఎంత పనిచేయునో చూచుటకు మనము దూరము పోనక్కరలేదు. 1987లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తండ్రి అశోక్ గారియొద్ద చదరంగము నేర్చెను. 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరు అయ్యెను. భారత స్త్రీలలో ఆ బిరుదము మొదట పొందినది ఆమెయే. 2019లోను, 2024లోను స్త్రీల వేగపు చదరంగమున ప్రపంచ విజేతగ నిలిచెను. ప్రతిభ ఆమెది, శ్రమ తండ్రీకూతుండ్రది. వారికి తోడు చదరంగపు ఆరంభములన్నియు శతాబ్దములుగ గ్రంథస్థమై యున్నవి. గుడివాడలోని పసిపిల్లయు ప్రపంచపు అనుభవమునంతయు చేతికందుకొని మొదటి ఎత్తు వేయగలిగెను.

పులిజూదము నేర్వదలచిన పిల్లవానికి అట్టి గ్రంథము నిచ్చుటకు మనయొద్ద ఏమున్నది? మండపములలో రాతిమీద చెక్కిన పటములున్నవి; ఎత్తులు రాతిమీద లేవు. అవి మీ తలలలో నున్నవి. పాత పలకలను తీసి క్రొత్తవి పరచిననాడు ఆ పటములును పోవును. పదిమంది పెద్దలు దాటిపోయినచో ఒక ఊరి ఆటతీరు పోవును. పిల్లలు చేతిఫోనులో ఆడుచున్నారని నిందించి లాభములేదు. మనము వ్రాసి యీయనిదానిని వారు చదువుట యెట్లు?

ఇందుకు పాండిత్యముతో పనిలేదు. ఒక నోటుపుస్తకము చాలును. 23 చుక్కలకును శిఖరమునుండి వరుసగ అంకెలు వేయుడు. మీ ఊరిలో పులులను మొదట నెచ్చట నుంతురో వ్రాయుడు. మేకను ఏ అంకెలో దింపినారో, పులి ఏ అంకెకు కదలెనో ఎత్తువెంట ఎత్తు వ్రాయుడు. పది ఆటలు వ్రాసినచో ఏ ఆరంభము మేకలను కాపాడినదో, ఏది పులులకు మేపినదో మీకే తెలియును. మంచిదానికి మీ ఊరి పేరే పెట్టుడు. ఎడింబరో ఆరంభమున్నప్పుడు కంకిపాడు ఆరంభముగాని, అవనిగడ్డ ఆరంభముగాని ఏల యుండరాదు?

నేను చెప్పిన వరుసను సయితము నమ్మి ఊరకుండవలదు. మనుమని నొకనిని ఎదుట కూర్చుండబెట్టుకొని, వానికి పులుల నిచ్చి, మీరు మేకలు పట్టి పరీక్షింపుడు. పిదప తారుమారు చేయుడు. వాడు ఏ ఎత్తుతో మీ వరుసను చెరచెనో అదియు పుస్తకమున కెక్కింపుడు. సెలవు.