లక్షణపరీక్షయందు దోషోదాహరణముల ప్రయోజనము : సి కంపైలరు, కందపద్యము

కరీంనగరు జిల్లా కురిక్యాల సమీపమున బొమ్మలగుట్టపై పంపకవి సోదరుడగు జినవల్లభుడు 10వ శతాబ్ది మధ్యభాగమున వేయించిన శాసనము కలదు. దానియందు సంస్కృత కన్నడ రచనలతోపాటు మూడు తెలుగు కందపద్యములున్నవి. ఇట్టి పద్యముల గణములను గుణించుటకు నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయవచ్చును. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని బాసరలో సాంకేతిక విశ్వవిద్యాలయమును, కరీంనగరులో శాతవాహన విశ్వవిద్యాలయమును 2008లో ఏర్పడినవి గనుక ఈ ప్రాంతపు విద్యార్థులకు ఉభయవిద్యలును అందుబాటులోనే యున్నవి. అయితే అట్టి ప్రోగ్రాము ఒక శాసనపద్యమును చూచి ‘దోషము లేదు’ అనినచో ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చును? దీనికి సమాధానమును సి భాషా కంపైలరును పరీక్షించువారి పద్ధతినుండి గ్రహింపవచ్చునని మా యభిప్రాయము.

మానవుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు సాధనము కంపైలరు. మార్చుటకు ముందు అది రచన భాషానియమములకు లోబడియున్నదో లేదో చూచును. ఒకే జాతికి చెందిన కొన్ని సంఖ్యలను ఒక్క కట్టగా నిలుపు పదార్థము వెక్టరు. ఇది సి భాషా ప్రమాణమున లేదు. జీసీసీ, క్లాంగ్ వంటి కంపైలర్లు దీనిని అదనముగా చేర్చుకొన్నవి. దీని పరిమాణమును బైట్లలో చెప్పుదురు. 16 బైట్ల వెక్టరునందు నాలుగేసి బైట్ల దశాంశసంఖ్యలైనచో నాలుగును, రెండేసి బైట్ల పూర్ణసంఖ్యలైనచో ఎనిమిదియు ఇముడును. కందమునందలి గణమును ఇట్టిదే. దాని కొలత నాలుగు మాత్రలు. గురువులైనచో రెండక్షరములు, లఘువులైనచో నాలుగక్షరములు పట్టును. కొలత స్థిరము, సంఖ్య కొలతనుబట్టి తేలును.

వెక్టరునకు ఆదిలో విలువల నిచ్చుటయందు మూడు సందర్భములు ముఖ్యములు. నాలుగు స్థానములకు ఐదు విలువల నిచ్చినచో కంపైలరు ‘అధికముగా నున్నవి’ అని హెచ్చరించును. సంఖ్యకు బదులు సంఖ్య యుండు చోటును సూచించు పాయింటరు నిచ్చినచో దోషమని నిరాకరించును. మూడే ఇచ్చినచో మిగిలిన స్థానమును సున్నతో నింపి మిన్నకుండును. నిరాకరణము, హెచ్చరిక, మౌనము అను నీ మూడింటి భేదమును పరీక్షకుడు మొదట గుర్తింపవలయును.

క్లాంగ్ పరీక్షలలో దోషయుక్తమైన పంక్తిని బుద్ధిపూర్వకముగా వ్రాసి, రావలసిన ఆక్షేపణను దాని ప్రక్కనే వ్యాఖ్యగా లిఖింతురు. ఎదురుచూచిన ఆక్షేపణ రాకున్నను, ఎదురుచూడని ఆక్షేపణ వచ్చినను పరీక్ష విఫలమగును. ఈ రెండవ నియమము లేనిచో ప్రతి పంక్తిని దూషించు కంపైలరును ఉత్తీర్ణమగును. మొదటి నియమము లేనిచో దేనిని చూచినను ఊరకుండు కంపైలరును ఉత్తీర్ణమగును.

మన ఛందోబోధనయందు సాధారణముగా సల్లక్ష్యములనే చూపుదుము. బోధనకు అది చాలును గాని యంత్రపరీక్షకు చాలదు. కందమున గగ, భ, జ, స, నల గణములే యుండవలయును. మొదటి పాదమున మూడు, రెండవ పాదమున ఐదు చొప్పున అర్ధమునకు ఎనిమిది గణములు. బేసి గణము జగణము కారాదు. ఆరవ గణము జగణముగాని నలముగాని కావలయును. ఆరవ గణమనగా రెండవ పాదమున మూడవది. కావున మొదటి పాదపు మూడవ స్థానమున జగణము దోషము. రెండవ పాదపు మూడవ స్థానమున అదియే గుణము. ప్రతి పాదమునందు లెక్కను మరల ఒకటితో ఆరంభించు ప్రోగ్రాము ఇచ్చట పొరబడును. మొదటి పాదపు మూడవ స్థానమున జగణమును, రెండవ పాదపు మూడవ స్థానమున భగణమును ఉంచిన దోషోదాహరణములను వేర్వేరుగా వ్రాసినగాని ఆ పొరపాటు నిశ్చయముగా బయటపడదు.

వెక్టర్ల వరుసయందును ఇట్టి చిక్కే కలదు. మొదటి మూడు విలువలను లోపలి కుండలీకరణములో మూసినచో నాలుగవ స్థానము సున్న యగును. తరువాతి విలువ రెండవ వెక్టరును ఆరంభించును. ఆ కుండలీకరణము తీసివేసినచో అదే విలువ మొదటి వెక్టరు నాలుగవ స్థానమున చేరును. లెక్క ఎచ్చట ఆగునో, ఎచ్చట సాగునో పరీక్షింపవలసినదే.

ఒక విషయమున మాత్రము ఈ సామ్యము చెల్లదు. వెక్టరునందలి లోపమును సున్నతో నింపుట భాషానియమము. అది అందరికిని తెలిసినదే. శాసనమున చెరిగిన అక్షరమును గణము సరిపడునట్లు మౌనముగా నింపుటకు ఏ నియమమును లేదు. అట్లు నింపి, పిదప యంత్రముచే ‘దోషము లేదు’ అనిపించుకొన్నచో, మనము పరీక్షించినది కవి రచనను గాదు, మన పూరణమునే. అట్టి చోట ప్రోగ్రాము నిరాకరింపనక్కరలేదు, హెచ్చరించి తీరవలయును.

కాబట్టి ఛందఃపరిశీలకమును నిర్మించు పరిశోధకులు ప్రతి నియమమునకును ఒక శుద్ధపద్యమును, ఆ నియమ మొక్కటే తప్పిన మరియొక పద్యమును, దానికి రావలసిన ఆక్షేపణమును ముందుగా వ్రాసికొనుట యుక్తము. తప్పును తప్పని చెప్పగలదని రుజువైన పిదపనే యంత్రము ఒప్పును ఒప్పనుట ప్రమాణమగును.