పాత కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ స్థానాన్ని మెమరీ కార్డు ఎలా తీసుకుంటుంది?

సమాచారాన్ని దాచే సాధనాలకూ ఆయుష్షు ఉంటుంది. గ్రేటర్ నోయిడాలో సీడీలను, డీవీడీలను భారీగా తయారుచేసిన మోజర్ బేర్ సంస్థ, వాటి గిరాకీ పడిపోయిన తరువాత, 2018లో మూసివేత దశకు చేరింది. పాత కంప్యూటర్లలోని హార్డ్ డిస్కులకూ కాలం చెల్లుతోంది.

ఎందుకు?

హార్డ్ డిస్కులో అయస్కాంత పూత గల పళ్లేలు వేగంగా తిరుగుతుండగా, వాటిని తాకకుండా అతి సమీపంలో కదిలే హెడ్ అనే భాగం సమాచారాన్ని చదువుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ బేరింగుల్లోని కందెన ఎండిపోయి, రబ్బరు భాగాలు జిగురుగా మారి, ఆ కదలిక నిలిచిపోతుంది.

ఎలా?

అలా ఆగిపోయే డిస్కు స్థానంలో మెమరీ కార్డును అమర్చవచ్చు. 1990ల నాటి అనేక కంప్యూటర్లు 40 పిన్నుల ఐడీఈ అనే అనుసంధాన పద్ధతిలో డిస్కుతో సంభాషిస్తాయి. శాన్‌డిస్క్ సంస్థ 1994లో తెచ్చిన కాంపాక్ట్‌ఫ్లాష్ అనే మెమరీ కార్డుకు ఈ పద్ధతి పుట్టుకతోనే తెలుసు కనుక, దాన్ని కంప్యూటరుకు కలిపే అడాప్టరు ప్రధానంగా తీగలను జతచేస్తే చాలు. ఎస్డీ అనే మరో రకం మెమరీ కార్డుకు ఆ పద్ధతి తెలియదు కనుక, ఆదేశాలను మార్చే చిప్పు కూడా అవసరమవుతుంది.

అయితే కంప్యూటరును మేల్కొలిపే బయోస్ అనే ప్రోగ్రాము, ఆనాటి అనేక యంత్రాలలో 504 మెగాబైట్లకు మించిన స్థలాన్ని గుర్తించలేదు కాబట్టి, చిన్న కార్డును ఎంచుకోవడం మేలు. డిస్కు ఇంకా తిరుగుతుండగానే అందులోని సమాచారానికి నకలు తీయడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే యంత్రాన్ని బాగుచేయవచ్చు గానీ చెరిగిపోయిన సమాచారాన్ని మళ్లీ సృష్టించడం సాధ్యం కాదు.